బసవపురాణంలో అసమ్మతి: స్వరూపం, పరిమితులు

తెలుగు సాహిత్య చరిత్రలో పాల్కురికి సోమనాథుని స్థాన నిర్ణయం రెండు పరస్పర విరుద్ధ ధోరణులలో సాగింది. కులభేదాన్ని ధిక్కరించిన సంఘసంస్కర్తగా, దేశికవితకు పట్టం కట్టిన ప్రజాకవిగా ఆయనను నిలబెట్టినది ఒక ధోరణి. పరమతాన్ని సహించని వీరమాహేశ్వర దురభిమానిగా పరిగణించి, ఆయన భాషాసేవను మాత్రం అంగీకరించినది మరొకటి. 1926లో వేటూరి ప్రభాకరశాస్త్రి విపుల పీఠికతో బసవపురాణాన్ని ప్రకటించిన తరువాత సోమనాథునిపై పరిశోధన విస్తరించింది. అయినా ఈ రెండు ముఖాలు ఒకే కావ్యంలో ఎట్లా ఇమిడాయన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది. సంస్కరణను కవి గుణంగానూ, అసహనాన్ని కాలదోషంగానూ విడదీయటం సులభమే. కాని ఆ విభజనకు కావ్యనిర్మాణం అవకాశమివ్వదు.

బసవపురాణంలోని అసమ్మతి కథారంభంలోనే ప్రకటమవుతుంది. మండెంగ మాదిరాజు, మాదాంబల కుమారుడైన బసవడు ఉపనయనాన్ని నిరాకరిస్తాడు. శివభక్తునికి కర్మమార్గంతో పని లేదన్నది అతని వాదం. తండ్రితో వాదించి ఇల్లు విడవటంతో అతని జీవితం మలుపు తిరుగుతుంది. ఇది కేవలం కుటుంబ కలహం కాదు. జన్మతో సంక్రమించే అధికారాన్ని, ఆ అధికారాన్ని ధ్రువపరిచే సంస్కారాన్ని ఒకేసారి తోసిపుచ్చటం. ఆ తరువాత వచ్చే భక్తకథలు ఈ నిరాకరణకు ఉదాహరణ పరంపరగా నిలుస్తాయి. మాంసం నివేదించిన కన్నప్ప, చోళరాజు నైవేద్యం కంటె శివునికి ప్రీతికరమైన అంబలి పెట్టిన మాదర చెన్నయ్య, భక్తుల వస్త్రాలు మాత్రమే ఉతికిన మడివాలు మాచయ్య, శివునికి తల్లి లేదని చింతించి తానే తల్లి అయిన బెజ్జమహాదేవి మొదలైన వారంతా ఒకే కావ్యగౌరవం పొందుతారు. పురాణ నాయకత్వం రాజుల నుండి, ఋషుల నుండి వృత్తికులాలకు, స్త్రీలకు తరలిపోయింది.

రూపంలోనూ ఇదే నిరాకరణ ఉంది. నన్నయ నెలకొల్పిన చంపూ మార్గాన్ని వదిలి సోమనాథుడు ద్విపదను స్వీకరించాడు. జాను తెనుగును కావ్యభాషగా ప్రతిష్ఠించాడు. సంస్కృతేతిహాస పురాణాలను అనువదించక, సమీప కాలపు వ్యక్తి జీవితాన్నే పురాణంగా మలిచాడు. అయితే ఆయన సంస్కృతాన్ని, వేదాన్ని త్యజించలేదు. చతుర్వేదసారంలోనూ, సంస్కృతంలో రచించిన సోమనాథ భాష్యంలోనూ శివపారమ్యానికి శ్రుతి ప్రమాణాలను చూపాడు. వేదాధికారాన్ని కాపాడుతూ వచ్చిన వ్యవస్థను నిరాకరించాడే తప్ప వేద ప్రామాణ్యాన్ని నిరాకరించలేదు. ఆయన అసమ్మతికి ఇది మొదటి పరిమితి.

భక్తమండలి లోపల మాత్రం అసమ్మతికి ఆశ్చర్యకరమైన విస్తృతి ఉంది. కథానాయకుడైన బసవడే దిద్దుబాటుకు గురవుతాడు. అతని దానగర్వాన్ని చాకలి వృత్తిలోని మాచయ్య అణచివేస్తాడు. నీరుల్లిని నిందించినందుకు కిన్నర బ్రహ్మయ్య అలిగి వెళ్లిపోగా, బసవడు అదే నీరుల్లికి ఉత్సవం చేసి అతనిని ప్రసన్నుని చేసుకుంటాడు. తిండిపై తీర్పు చెప్పే హక్కు దండనాయకునికైనా లేదని ఈ చిన్న కథ నిరూపిస్తుంది. సోమనాథుని మరొక మహాకావ్యమైన పండితారాధ్య చరిత్ర ఈ విస్తృతిని ఇంకా స్పష్టం చేస్తుంది. మల్లికార్జున పండితుడు బసవని భక్తిని శిరసావహించినా బ్రాహ్మణ్యాన్ని మాత్రం విడవలేకపోయాడు. ఉపనయనాన్ని నిరాకరించిన వానిని, బ్రాహ్మణ్యాన్ని నిలుపుకొన్న వానిని ఒకే కవి సమాన భక్తితో కీర్తించటం గమనించదగినది.

ఈ ఔదార్యం భక్తమండలి సరిహద్దు వద్ద ఆగిపోతుంది. అక్కడ ‘భవి’ అన్న పదం ఎదురవుతుంది. శివదీక్ష లేనివాడు భవి. అతనితో భోజన సంబంధం, సహవాసం నిషిద్ధాలు. భక్తుల మధ్య కులరేఖను చెరిపివేసిన సూత్రమే భక్తునికీ భవికీ నడుమ కొత్త రేఖను గీసింది. భక్తునికి కులం లేదనటానికీ భవితో పొత్తు లేదనటానికీ ఆధారం ఒక్కటే: మానవుని విలువను దీక్షయే నిర్ణయిస్తుంది. కావున సమత్వం సోమనాథుని గుణమనీ, అసహనం కాలదోషమనీ విడదీయటం పొసగదు. జన్మకు బదులు దీక్షను కొలతగా స్వీకరించిన తర్కం నుండే రెండూ పుట్టాయి.

ఏకాంత రామయ్య కథ ఈ తర్కానికి పరాకాష్ఠ. జైనులతో పందెం కట్టి రామయ్య తన శిరస్సును ఖండించుకొని తిరిగి పొందుతాడు. ఈ ఘట్టానికి కావ్యమే కాక శాసనాధారమూ ఉంది. కర్ణాటకలోని అబ్బలూరు శాసనం ఈ పందేన్ని, జినప్రతిమ ధ్వంసాన్ని, జైనుల ఫిర్యాదును, బిజ్జలుడు రామయ్యకు జయపత్రం ఇవ్వటాన్ని వర్ణిస్తుంది. అద్భుతాన్ని విశ్వాసానికి విడిచిపెట్టినా, ఒక ఆరాధనాస్థలం చేతులు మారిందనీ, ఆ మార్పును రాజముద్ర ధ్రువపరిచిందనీ శాసనం స్పష్టంగానే చెబుతున్నది. కావ్యంలో మహిమగా కనిపించేది శాసనంలో స్థలాధికార వివాదంగా కనిపిస్తుంది.

ఎవరిని పరులుగా చిత్రించారన్నదీ ఆలోచించవలసిన విషయమే. తెలుగు నేలకు జైనం పరాయి మతం కాదు. కొలనుపాక, బోధన్, దానవులపాడు జైన క్షేత్రాలుగా వెలిశాయి. పంపకవి సోదరుడైన జినవల్లభుడు వేయించిన 10వ శతాబ్దపు కుర్క్యాల శాసనంలో సంస్కృత కన్నడాలతో పాటు మూడు తెలుగు కందపద్యాలు ఉన్నాయి. తెలుగు పద్యాన్ని శిలపై నిలిపిన తొలి వ్యక్తులలో ఒక జైనుడు ఉన్నాడన్నమాట. దేశిభాషా గౌరవాన్ని చాటిన కవి, ఆ భాషకు మునుపే ఆదరణ చూపిన మతాన్ని శత్రుపక్షంలో నిలబెట్టాడు.

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశం ఉంది. నాటి కర్ణాంధ్ర దేశాలలో జైనానికి రాజాదరణ, వర్తకుల అండ ఉండేవి. కొత్తగా తలెత్తిన వీరశైవం బలవంతులను ఎదిరించింది కనుక దాని ఉగ్రతను బలహీనుని ఆత్మరక్షణగా గ్రహించాలని కొందరు వాదించవచ్చు. ఈ వాదంలో కొంత సత్యం లేకపోలేదు. తన కావ్యంలో బిజ్జలుని వంటి రాజుకు సోమనాథుడు తల వంచలేదు. కాని చందవోలు సభా ఘట్టాన్ని ఈ వాదం వివరించలేదు. పండితారాధ్య చరిత్ర ప్రకారం అక్కడ బౌద్ధాచార్యుడు వాదంతో కాక పండితుని శిష్యుల చేతిలో హతుడై అంతరించాడు. అప్పటికే క్షీణదశలో ఉన్న బౌద్ధాన్ని ప్రబల శత్రువనటం కష్టం. 1512 నాటి శ్రీశైల శాసనం ఈ తర్కం ఎక్కడికి చేరిందో చూపుతుంది. అందులో లింగడనే శైవ ప్రభువు శ్వేతాంబర జైనుల శిరశ్ఛేదాన్ని తన పుణ్యకార్యాలలో ఒకటిగా చెప్పుకొన్నాడు. సోమనాథుని కావ్యమే దీనికి కారణమనటం అతివ్యాప్తి. అయితే ధిక్కారం నుండి పుట్టిన వీరగాథ అధికారం చేతిలో పడినప్పుడు ఆయుధమౌతుందన్నది మాత్రం కాదనలేని సత్యం.

దీనికి ఎదురుగా కాకతీయుల నాటి మరొక శైవరూపాన్ని ఉంచి చూడాలి. రుద్రమదేవి కాలపు మల్కాపుర శాసనం (1261) గోళకీ మఠాచార్యుడైన విశ్వేశ్వర శివుని సంస్థలను వివరిస్తుంది. అక్కడి సత్రంలో బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు అందరికీ అన్నం లభించేది. ప్రసూతిశాల, ఆరోగ్యశాల ఉండేవి. ఈ రాజాశ్రిత శైవం అందరికీ అన్నం పెట్టింది, కాని ఎవరి కులస్థానాన్నీ కదిలించలేదు. బసవపురాణం అంటరానివానిని గురుస్థానంలో కూర్చోబెట్టింది, కాని భవితో పొత్తు కాదన్నది. ఒకదానిలో సమత్వం లేని సహనం, రెండవదానిలో సహనం లేని సమత్వం ఉన్నాయి. మత చరిత్రను ‘సహనం’ అన్న ఒక్క మాటతో కొలిచే పద్ధతికి ఈ తేడా అందదు.

తరువాతి శతాబ్దాల తెలుగు పద్యంలో ఈ సమస్యకు భిన్నమైన సమాధానం వేమన వద్ద కనిపిస్తుంది. శైవ బాహ్యాచారాలు సైతం ఆయన అధిక్షేపానికి లోనయ్యాయి. వేమన ఒక మండలిని ప్రతిపాదించలేదు కనుక ఆయనకు భవి లేడు. అయితే ఆ కారణంగానే మాదర చెన్నయ్యకు దొరికినటువంటి సామూహిక గౌరవాన్ని కల్పించే వ్యవస్థా ఆయన వద్ద లేదు.

కావున బసవపురాణాన్ని సంస్కరణ కావ్యమనో, దురభిమాన కావ్యమనో నిర్ణయించటం రెండూ అసంపూర్ణ పఠనాలే. అసమ్మతి, వైవిధ్యం పర్యాయపదాలు కావని అది నిరూపిస్తుంది. ఆధిపత్యాన్ని ధిక్కరించిన ప్రతి ఉద్యమమూ తన సభ్యుల మధ్య ఎంత సమానత్వం సాధించిందన్న ప్రశ్నతో పాటు, తన హద్దుకు అవతల నిలిచిన వానిని ఏమని పిలిచిందన్న ప్రశ్ననూ ఎదుర్కోవలసి ఉంటుంది. మొదటి ప్రశ్నకు సోమనాథుడు ఇచ్చిన సమాధానం తెలుగు సాహిత్యానికి గర్వకారణం. రెండవదానికి ఇచ్చిన సమాధానాన్ని దాచక, సమర్థించక చదవటం ఆ కావ్యానికి జరగవలసిన న్యాయం.