మంచు మీద నడక

లద్దాఖ్‌లో గడ్డకట్టిన జంస్కార్ నది మీద నడిచేవాళ్లు పాదం పూర్తిగా ఎత్తరు. మోకాళ్లు కాస్త వంచి, అరికాలు మంచును విడవకుండా జరుపుకుంటూ పోతారు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఈ నది మీద సాగే చాదర్ ట్రెక్‌కు వెళ్లే మనవాళ్లకు మొదట నేర్పేది ఈ నడకే. అందరూ దారిలో గడ్డకట్టిన నేరక్ జలపాతం చూడాలని బయల్దేరతారు. నన్ను మాత్రం ఈ నడకే ఎక్కువగా పట్టుకుంది.

జలపాతం తక్కువదని కాదు. అది ఒక్కసారిగా గడ్డకట్టదు. అంచుల్లో తుంపర బండకు అంటుకుంటుంది, దాని మీద మరో పొర, ఆపైన ఇంకొకటి. గాలిబుడగలు చిక్కుకున్న చోట తెల్లగా, బుడగలు లేకుండా దట్టంగా పేరుకున్న చోట నీలంగా ఉంటుంది. దట్టమైన మంచు వెలుతురులోని ఎరుపును ఎక్కువగా పీల్చేసుకుంటుంది గనుక ఆ నీలం. ఎంతసేపు చూసినా తనివి తీరదు.

నది ఇలా నిలకడగా ఉండదు. వడిగా పారే నీళ్లలో సన్నటి మంచు పలుకులు పుట్టి, కొట్టుకొచ్చి, వేగం తగ్గిన మలుపుల్లో పేరుకుని పలకలు కడతాయి. నిన్నటి దారి ఇవాళ ఉండకపోవచ్చు. అందుకే ముందు నడిచే జంస్కారీ మనిషి, సంతలో కుండ కొనేవాళ్లు తట్టి చూసినట్టు, కర్రతో మంచును కొట్టి వింటాడు. బోలుగా మోగితే పక్కకు తప్పిస్తాడు. అసలు మంచే లేకపోతే కొండగోడ పట్టుకుని పాకిస్తాడు.

ఈ విద్య మనకోసం పుట్టింది కాదు. శీతాకాలంలో పెన్సీ లా కనుమ మూసుకుపోతే జంస్కార్ వాళ్లు వెన్న అమ్ముకోవడానికైనా, పిల్లల్ని లేహ్ బడికి చేర్చడానికైనా నదినే నమ్ముకున్నారు. 2024 మార్చిలో నిమ్ము నుంచి జంస్కార్‌లోని పదుమ్ మీదుగా దార్చా దాకా 298 కిలోమీటర్ల రోడ్డు కలిసింది. రావలసిన రోడ్డే. కాన్పు కష్టమైన మనిషిని ఆసుపత్రికి చేర్చడానికి మంచు గట్టిపడేదాకా ఆగమనే హక్కు ఎవరికీ లేదు.

అయితే అవసరం తీరాక మంచును వినే ఆ చెవి ఎవరికి అబ్బుతుంది? ఇకపై దాన్ని నిలిపేది చాలావరకు మనం ఇచ్చే డబ్బే. కాబట్టి వెళ్లేవాళ్లకు నా మనవి: 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో ఒళ్లు అలవాటు పడటానికి ఎలాగూ కొన్ని రోజులు ఆగాలి. ఆ రోజుల్లో టెంట్ గురించీ భోజనం గురించీ అడిగే ముందు, మీకు దారి తీసే మనిషి ఎన్ని శీతాకాలాలు ఆ నది మీద నడిచాడో అడగండి. బేరం ఆడాల్సి వస్తే మిగతావాటి మీద ఆడండి, ఆయన కూలి మీద వద్దు.