ఒప్పందం, పేరు, ఇంటి కబురు: వైజ్ఞానిక చిత్రాలలో కూలివాని కథ

వైజ్ఞానిక కల్పన అనగానే మన యువకులకు నక్షత్రాల మధ్య యుద్ధాలు, వెలుగు కత్తులు, వింత జంతువులు గుర్తుకు వస్తాయి. అటువంటి చిత్రాలకు ప్రచారం కొదువ లేదు. మన జొహానెస్‌బర్గ్‌లోనే తీసిన 'డిస్ట్రిక్ట్ 9' (2009)ను గురించి కూడా ఈ దేశంలో చాలామంది చాలానే వ్రాశారు. కనుక ఈ వ్యాసంలో మేము వాటి జోలికి పోవడం లేదు. మన ఇళ్ళలో అంతగా పేరు వినబడని నాలుగింటిని మాత్రమే తీసుకొంటున్నాము. అవి 'ఔట్‌లాండ్' (1981), 'మూన్' (2009), 'స్లీప్ డీలర్' (2008) అనే మూడు చలనచిత్రాలు, 'ఏలియన్ నేషన్' (1989-90) అనే టెలివిజన్ ధారావాహిక.

ఈ నాలుగే ఎందుకు అని పాఠకులు అడుగవచ్చు. వీటిలో నాయకుడు రాజు కాడు, మహావీరుడు కాడు. పొట్ట కూటికి దూరదేశం పోయినవాడు, లేదా అటువంటివారి మధ్య బ్రతికేవాడు. 1860 నవంబరు 16న 'ట్రురో' అనే ఓడ మద్రాసు నుండి డర్బన్ రేవుకు చేరింది. అప్పటి నుండి 1911 వరకు లక్షా యాభై వేల మందికి పైగా నాటాలుకు గిర్మిట్ మీద వచ్చారు. వారి కథను వెండితెర సరిగా చెప్పలేదు. చంద్రమండలం పేరు చెప్పి, బృహస్పతి పేరు చెప్పి ఈ చిత్రాలు ఆ కథకు దగ్గరగా వచ్చాయని మా అభిప్రాయం. ఎంత దగ్గరగా వచ్చాయి, ఎక్కడ ఆగిపోయాయి అనేదే మా పరిశీలన. ఇందుకు మూడు కొలతలు పెట్టుకొన్నాము: ఒప్పందం, పేరు, ఇంటి కబురు. కూలివాని బ్రతుకులో ఈ మూడూ ఎవరి చేతిలో ఉన్నాయో చెప్పగలిగిన కథే మంచి కథ. కథలు చెప్పకుండా విమర్శ సాగదు గనుక, ముగింపులు తెలియకుండా చూడదలచినవారు ముందు చిత్రాలు చూచి, తరువాత ఈ వ్యాసం చదువుకోవచ్చు.

మొదట 'ఔట్‌లాండ్'. దర్శకుడు పీటర్ హయమ్స్. బృహస్పతి చుట్టూ తిరిగే ఐయో అనే ఉపగ్రహం మీద ఒక కంపెనీ టైటానియం గని నడుపుతూ ఉంటుంది. పనివాళ్ళు మతి తప్పి ఒకరి తరువాత ఒకరు చనిపోతూ ఉంటారు. కొత్తగా వచ్చిన పోలీసు అధికారి, ఆ పాత్రలో షాన్ కానరీ, కారణం వెదుకుతాడు. పని ఎక్కువ చేయడానికి వాళ్ళకు ఒక మందు అలవాటు చేశారని, అది కొన్ని నెలలకు మెదడును చెడగొడుతుందని తెలుస్తుంది. గని మేనేజరుకు ఇది తెలియక కాదు. ఉత్పత్తి పెరిగింది, పనివాళ్ళకు బోనసు పెరిగింది, ఇంక తప్పేమిటి అని అతని వాదన. చెరకు తోటల లెక్కలు ఎరిగినవారికి ఈ వాదన కొత్తది కాదు.

ఇంత మంచి ఎత్తుగడ ఉండి కూడా చిత్రం సగం దారిలో దిగజారింది. 1952లో వచ్చిన 'హై నూన్' అనే పాత కౌబాయ్ చిత్రాన్ని అనుసరించి, గడియారం చూస్తూ హంతకుల రాక కోసం ఎదురుచూసే ఒంటరి వీరుని కథగా మారిపోయింది. పనివాళ్ళు పానశాలలో కూర్చొని తల దించుకొంటారు. వారి పేర్లు మనకు గుర్తుండవు. వారు ఏ ఊరి వారో, ఎవరికి డబ్బు పంపుతున్నారో తెలియదు. ఈ చిత్రంలో మనసుకు తగిలే ముక్క ఒకటి పక్కన పడి ఉంది. అధికారి కుమారుడు ఇంతవరకు భూమి మీద కాలు పెట్టనే లేదు. తల్లి ఆ పిల్లవాణ్ణి తీసుకొని వెళ్ళిపోవడానికి కారణం అదే. చూడని ఊరిని ఇల్లు అని పిలవడం మనకు తెలిసిన సంగతి. దర్శకుడు దానిని తుపాకుల చప్పుడులో పోగొట్టుకొన్నాడు. చూడదగిన చిత్రమే గాని, మా కొలతలలో ఇది వెనుకబడింది.

'మూన్' చిత్రం అలా కాదు. డంకన్ జోన్స్‌కు ఇది మొదటి చిత్రం. దాదాపు 50 లక్షల డాలర్లతో, ఈ రకపు చిత్రాలకు చాలా తక్కువ ఖర్చుతో తీశాడు. చంద్రునికి మనకు కనబడని వైపున ఒక కంపెనీ కేంద్రం. అక్కడి మట్టి నుండి హీలియం-3 తీసి భూమికి పంపుతారు. దానిని చూసుకొనేవాడు ఒకే ఒకడు, పేరు శామ్ బెల్. ఒప్పందం మూడేళ్ళు. ఇంక రెండు వారాలలో ఇంటికి పోతాడు. ఉపగ్రహం చెడిపోయిందని చెప్పి ఇంటితో నేరుగా మాట్లాడనివ్వరు. భార్య రికార్డు చేసి పంపిన మాటలే ఆధారం. ఒకనాడు ప్రమాదం జరుగుతుంది. ఆ తరువాత శామ్‌కు మరొక శామ్ ఎదురవుతాడు.

ఇద్దరూ ఒకే మనిషి నుండి తయారు చేసిన నకళ్ళు. మూడేళ్ళకు ఒకని ఒంట్లో సత్తువ అయిపోతుంది. ఇంటికి పంపుతామని పెట్టెలో పడుకోబెట్టి కాల్చివేస్తారు. మరునాడు ఇంకొకణ్ణి లేపుతారు. వాడికీ అవే జ్ఞాపకాలు, అదే భార్య, అదే ఒప్పందం. కంపెనీ ఆటంక స్తంభాలు నాటినందువల్లనే మాటలు అందడం లేదని వారు కనిపెడతారు. పాత శామ్ ఆ స్తంభాలు దాటి బండి తోలుకొని పోయి ఇంటికి పిలుస్తాడు. పసిపాప అనుకొన్న కూతురికి పదిహేనేళ్ళు. భార్య ఏనాడో చనిపోయింది. మూడేళ్ళుగా అతను విన్న ముద్దు మాటలన్నీ ఎప్పటివో పాతవి.

సామ్ రాక్‌వెల్ అనే నటుడు రెండు పాత్రలనూ తానే వేశాడు. ఒకడు అలసినవాడు, మరొకడు కోపిష్టి; ఇద్దరిలోనూ ఒకే మనిషి. ఆ నటనకు మేము చేయెత్తి నమస్కరిస్తాము. అయితే ఈ చిత్రం గొప్పతనం నటనలో మాత్రమే లేదు. ఒప్పందం అనే మాటను అది విప్పి చూపింది. ఒప్పందానికి ముగింపు ఉన్నట్లు కాగితం చెబుతుంది. ముగింపు రాకుండా చూడడమే యజమాని పని. నాటాలులో 1895 చట్టం గుర్తు చేసుకోండి. గిర్మిట్ ముగిసిన తరువాత తిరిగి ఇండియాకు పోకుండా, మళ్ళీ గిర్మిట్‌కు ఒప్పుకోకుండా ఇక్కడే ఉండదలచినవారు ఏడాదికి 3 పౌన్ల పన్ను కట్టాలన్నారు. అంత డబ్బు ఎక్కడిది? అది 1914లో గాని రద్దు కాలేదు. మనుష్యులను నకలు తీసే యంత్రం ఆనాడు లేదు. ఒకే మనిషి చేత రెండవసారి, మూడవసారి వేలిముద్ర వేయించే ఉపాయం ఉండేది.

చివరకు కొత్త శామ్ సరుకు పంపే వాహనంలో దాగి భూమికి బయలుదేరుతాడు. పోయేముందు ఒక స్తంభాన్ని కూలగొట్టే ఏర్పాటు చేస్తాడు, తన తరువాత లేచేవాడికి ఇంటి కబురు అందాలని. మా లెక్కలో ఈ చిత్రానికి ప్రాణం ఇదే. తెర నల్లబడే ముందు వార్తల గొంతులు వినబడతాయి. కంపెనీ వాటాల ధర పడిపోయిందని ఒకటి. ఆ వచ్చినవాడు పిచ్చివాడో, దొంగతనంగా దేశంలోకి వచ్చినవాడో అయి ఉంటాడని మరొకటి. చంద్రుని మీద కంపెనీకి పని చేసినవాడు భూమి మీద దిగగానే పరాయివాడు! ఇంత తక్కువ మాటలలో ఇంత నిజం చెప్పిన ముగింపును మేము ఈ రకపు చిత్రాలలో మరొకటి చూడలేదు.

ఒప్పందం, కబురు అనే రెండింటిలో 'మూన్' ముందుంటే, పేరు విషయంలో 'ఏలియన్ నేషన్' ముందుంది. మొదట ఇది 1988లో సినిమాగా వచ్చింది, మామూలు పోలీసు కథ. మరుసటి సంవత్సరం కెనెత్ జాన్సన్ దానిని టెలివిజన్‌కు మార్చి, పోలీసు కథను పక్కకు తోసి, కుటుంబ కథను ముందుకు తెచ్చాడు. బానిసలను మోసుకొని పోతున్న ఓడ ఒకటి కాలిఫోర్నియా ఎడారిలో దిగుతుంది. అందులోని రెండున్నర లక్షల మంది లాస్ ఏంజెలెస్‌లో బ్రతుకుతెరువు వెదుకుకొంటారు. వారిలో జార్జ్ ఫ్రాన్సిస్కో అనే పోలీసు ఉద్యోగి, అతని భార్య, కొడుకు, కూతురు ముఖ్య పాత్రలు.

అతని అసలు పేరు జార్జ్ కాదు. వచ్చినవారి పేర్లు నోరు తిరగక అధికారులు తమకు తోచిన పేర్లు వేళాకోళంగా వ్రాసి పడేశారు. పోలీసు స్టేషను ఊడ్చే అమాయకుని పేరు ఆల్బర్ట్ ఐన్‌స్టీన్! ప్రేక్షకులు నవ్వుతారు. మనం నవ్వలేము. ఓడ జాబితాలలో మన పూర్వులకు ముందు ఒక సంఖ్య, తరువాత గుమాస్తా చెవికి ఎట్లా వినబడితే అట్లా వ్రాసిన పేరు. నాయుడు కాగితం మీద నాయ్‌డూ అయినాడు. కులానికి గుర్తయిన మాట ఇంటిపేరు స్థానంలో కూర్చుంది. అసలు ఇంటిపేరు ఏమిటో మనలో చాలామందికి తెలియకుండా పోయింది. ఈ ధారావాహికలో జార్జ్ దంపతులకు భూమి మీద ఒక శిశువు కలిగినప్పుడు ఆ బిడ్డకు వెస్నా అని పేరు పెడతారు. ఏ అధికారీ ఇచ్చిన పేరు కాదు, తల్లిదండ్రులు పెట్టుకొన్న పేరు. ఆ చిన్న సంగతిలో ఒక జాతి లేచి నిలబడడం కనబడుతుంది.

మరొక విశేషం. బానిసలను కొట్టి పని చేయించినవారు కూడా ఆ జాతివారే. ఓడ దిగిన తరువాత వారు జనంలో కలిసిపోయారు. వారిని చూచినప్పుడల్లా పాత భయం లేస్తుంది. మన తోటలలో సర్దారు మనవాడే కదా! ఈ మాట మన సభలలో మనం పెద్దగా చెప్పుకోము. ఒక టెలివిజన్ కథ దానిని దాచలేదు. కొడుకు బక్ యవ్వనంలో తమ పెద్దలలో ఒకరి దగ్గర పాత ఆచారాలు, పాత భాష నేర్చుకోబోవడం, తండ్రికి అది ఒకవైపు గర్వం, ఒకవైపు దిగులు కావడం కూడా చక్కగా చిత్రించారు. వారి భాషలో మన చుట్టూ వినబడే జూలూ భాషలో వలె నాలుకతో కొట్టే చప్పుళ్ళు ఉండడం మన పిల్లలకు సరదాగా ఉంటుంది.

లోపాలు లేకపోలేదు. నీతిని మరీ గట్టిగా చెప్పడం, ప్రతి వారం ఒక సమస్యను ముగించవలసిన తొందర, హాస్యం కోసం పులిసిన పాలు త్రాగి మత్తెక్కే దృశ్యాలు కొంత విసుగు పుట్టిస్తాయి. 22 భాగాలతో, కథ గండంలో ఉండగా, 1990లో ఆపివేశారు. 1994 నుండి 1997 వరకు ఐదు టెలివిజన్ చిత్రాలుగా మళ్ళీ వచ్చింది.

ఇక 'స్లీప్ డీలర్'. దర్శకుడు అలెక్స్ రివేరా. మెక్సికో దేశపు పల్లెలో మేమో అనే యువకుడు. కంపెనీ నదికి ఆనకట్ట కట్టింది. తమ నీళ్ళనే తాము కొనుక్కోవాలి. మానవుడు లేని విమానం ఒకటి పొరపాటున అతని తండ్రిని చంపుతుంది. మేమో టిహువానా పట్టణానికి పోయి కూలికి కుదురుతాడు. ఆ కూలి విచిత్రమైనది. ఒంట్లో సూదులవంటి తీగలు గుచ్చుకొని, అతను మెక్సికోలోనే నిలబడి అమెరికాలో మేడలు కట్టే యంత్రాన్ని కదిలిస్తాడు. అమెరికాకు పని కావాలి, పనివాడు వద్దు. ఆ కోరికను తాము తీర్చామని మేస్త్రి గొప్పగా చెప్పుకొంటాడు. మన పూర్వుల కాలంలో యజమానుల మనసులో ఉన్న మాట ఇదే. చేతులు మాత్రమే ఓడ ఎక్కి వస్తే వారికి ఎంత సుఖంగా ఉండేదో! చేతులతోపాటు మనుష్యులు వచ్చారు, వారి దేవుళ్ళు, పాటలు, పిల్లలు వచ్చారు.

ఈ చిత్రంలో జ్ఞాపకాలు కూడా అమ్ముడుపోతాయి. లూజ్ అనే అమ్మాయి మేమోతో పరిచయాన్ని అతనికి తెలియకుండానే అమ్ముకొంటుంది. పేదవాని దుఃఖం ఎవరి సరుకు అనే ప్రశ్న ఇక్కడ వస్తుంది. మా బోటి రచయితలకు, ఉపన్యాసకులకు కూడా అది తగులుతుంది. డబ్బు తక్కువ కావడం వల్ల యంత్రాల దృశ్యాలు కొన్ని తేలిపోయాయి. ఆనకట్టను పేల్చే ముగింపు తొందరగా నడిచింది. కాని చివర మేమో పట్టణపు అంచున చిన్న చేను వేసుకొంటాడు. గిర్మిట్ తీరిన తరువాత కూరగాయలు పండించి నిలదొక్కుకొన్న కుటుంబాల వారసులకు ఆ చేను అర్థమవుతుంది. మరొక మంచి గుణం: ఈ చిత్రంలో భవిష్యత్తు స్పానిష్ భాషలో మాట్లాడుతుంది. రేపటి కాలానికి ఆంగ్లమొక్కటే భాష అని ఎవరూ శాసనం చేయలేదు.

నాలుగింటినీ కలిపి చూచినప్పుడు ఒక పెద్ద లోటు మాకు కనబడింది. ఈ కథలలో కూలివాడు చాలావరకు ఒంటరివాడు. చంద్రుని మీద శామ్ తనతో తానే మాట్లాడుకొంటాడు. ఐయో గనిలో ఎవరికి ఎవరూ కారు. మన పూర్వులలో చాలామంది ఒంటరిగా ఓడ ఎక్కినమాట నిజమే, కాని ఒంటరిగా ఉండిపోలేదు. రామభజన చేసుకొన్నారు, గుడి కట్టుకొన్నారు, రాత్రిబడి పెట్టుకొన్నారు, 1931లో ఆంధ్ర మహాసభ స్థాపించుకొన్నారు. అణచివేతను చూపడంలో ఈ చిత్రాలు సమర్థమైనవి. దాని క్రింద మనుష్యులు కలిసి కట్టుకొన్న బ్రతుకును చూపడంలో 'ఏలియన్ నేషన్' ఒక్కటే కొంత దూరం నడిచింది. అందుచేతనే, కళలో 'మూన్' మిన్న అయినా, మన ఇళ్ళలో కూర్చొని కలిసి చూడడానికి మేము 'ఏలియన్ నేషన్'నే ముందు చెబుతాము.

మన దేశానికి టెలివిజన్ 1976 జనవరి 5న గాని రాలేదు. అంతవరకు బయస్కోపే దిక్కు, అక్కడ కూడా రంగును బట్టి కుర్చీ. ఇప్పుడు పిల్లల అరచేతిలోనే ప్రపంచపు చిత్రాలన్నీ ఉన్నాయి. నవంబరు 16 వస్తే వారిచేత చెరకు గడలు పట్టించి వేదిక మీద నిలబెడతాము. అది మంచిదే. కాని గడ పట్టుకొన్న పిల్లవాడు ఒప్పందం ఎవరు వ్రాశారు, నా పేరు ఎవరు మార్చారు, మా ముత్తవ్వ ఇంటికి పంపిన కబురు ఏమైంది అని అడగకపోతే, ఆ గడ వట్టి అలంకారమే. పెద్ద తరగతుల ఉపాధ్యాయులు 'మూన్'ను, 'ఏలియన్ నేషన్' మొదటి భాగాలను విద్యార్థులతో కలిసి చూచి, ఈ మూడు ప్రశ్నలకు తెలుగులో జవాబులు వ్రాయించాలని మా మనవి. తప్పులు వచ్చినా పరవాలేదు. నకలుగా తయారైన శామ్ కూడా తన ప్రశ్న తానే అడిగాడు.