పంచినవి ఎన్ని? పనిచేస్తున్నవి ఎన్ని?

సూరత్ నగరంలో వరాఛా అనే పేట ఉంది. ప్రపంచంలో సానబట్టే వజ్రాల్లో పదింట తొమ్మిది మన దేశంలోనే తయారవుతాయనీ, వాటిలో ఎక్కువ భాగం సూరత్‌వేననీ మీరు వినే ఉంటారు. ఆ పనికి పేరుపడిన పేటల్లో వరాఛా ఒకటి. అక్కడ సానబట్టే చక్రాన్ని ‘ఘంటి’ అంటారు. పనివారిని గౌరవంగా ‘రత్నకళాకార్’ అంటారు. ఘంటి ముందు కూర్చున్న మనిషి మాటిమాటికీ రాయిని కంటి దగ్గరికి తెచ్చి ఒక చిన్న భూతద్దంలో చూసుకుంటాడు. అది 10 రెట్లు పెద్దదిగా చూపే అద్దం. మీ భౌతికశాస్త్ర పుస్తకంలో ఉన్నదే: 25 సెంటీమీటర్లను కటకం నాభ్యంతరంతో భాగిస్తే సుమారుగా ఆవర్ధనం వస్తుంది. అంటే ఆ అద్దం నాభ్యంతరం రెండున్నర సెంటీమీటర్లు.

అలాంటి అద్దాన్నే, కాస్త తక్కువ శక్తి గలదాన్ని, చూపు బాగా మందగించిన విద్యార్థి చేతిలో పెట్టండి. వెంటనే దాని పేరు మారిపోతుంది. అది ‘వికలాంగుల సహాయక పరికరం’ అవుతుంది. మొదటిది పనిముట్టు కనుక కొనుక్కుంటారు. రెండోది సాయం కనుక వేదిక మీద అందుకుంటారు. కటకం మాత్రం ఒకటే!

తేడా పేరుతోనే ఆగితే పెద్ద చిక్కు లేదు. సానబట్టేవాడికి అద్దం ఎలా పట్టాలో చూపించే అనుభవజ్ఞుడు పక్కనే ఉంటాడు. అద్దం పోతే బజారులో మరొకటి దొరుకుతుంది. ఘంటి ఆగితే ఆ పూట కూలి ఆగుతుంది, కాబట్టి దాన్ని బాగుచేసే మనిషి కోసం అందరూ వెతుకుతారు. విద్యార్థికి ఇవేవీ ఉండవు. 4 రెట్ల అద్దాన్ని కాగితానికి సుమారు 6 సెంటీమీటర్ల ఎత్తులో, కదలకుండా పట్టుకోవాలి. ఒకసారికి నాలుగైదు అక్షరాలే కనిపిస్తాయి. పంక్తి చివరికి చేరేసరికి మొదలు మరిచిపోకుండా చదవడం అభ్యాసం మీద వచ్చే విద్య. హైదరాబాదులో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఇలాంటి వారికి పునరావాస శిక్షణ కూడా ఇస్తుంది. శిక్షణ లేకుండా అద్దం మాత్రమే అందితే ఏమవుతుంది? తలనొప్పి వస్తుంది. వారం తిరక్కుండా అద్దం పెట్టెలోకి చేరుతుంది.

ఇప్పుడు సూరత్‌కు దక్షిణంగా, కొద్ది దూరంలోనే ఉన్న నవ్‌సారీకి వెళదాం. 2016 సెప్టెంబరు 17న అక్కడ ప్రధానమంత్రి పాల్గొన్న శిబిరంలో 11 వేల మందికి పైగా వికలాంగులకు పరికరాలు పంచారు. 2017 జూన్ 29న రాజ్‌కోట్‌లో సుమారు 18 వేల మందికి ఇచ్చారు. 2020 ఫిబ్రవరి 29న ప్రయాగ్‌రాజ్‌లో 26 వేల మందికి పైగా ఇచ్చారు. అక్కడ పరికరాల సంఖ్య 56 వేలు దాటింది. అంకెలు పెరుగుతున్నాయి, మంచిదే. వీటిని తేలిగ్గా తీసిపారేయడం అన్యాయం. నేల మీద పాకుతూ తిరిగిన మనిషికి మూడు చక్రాల బండి దొరకడమంటే మాటలు కాదు. పంపిణీకి ముందు పరీక్ష శిబిరాలు పెట్టి ఎవరికి ఏది కావాలో రాసుకుంటారు కూడా. ఆ పరికరాల్లో చాలా వాటిని తయారుచేసే ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో 1972లో కాన్పూరులో ఏర్పడింది. పరికరాలిచ్చే కేంద్ర పథకం 1981 నుంచి ఉంది.

నా అభ్యంతరమల్లా లెక్కపెట్టే పద్ధతి మీద. పంపిణీ రోజుతో లెక్క ముగిసిపోతోంది. పరికరం పని మాత్రం ఆ మర్నాడే మొదలవుతుంది.

వినికిడి యంత్రాన్నే తీసుకోండి. చెవుడంటే ధ్వని మొత్తం సమానంగా తగ్గిపోవడమని చాలామంది అనుకుంటారు. చాలామందిలో ముందుగా దెబ్బతినేది హెచ్చు పౌనఃపున్యాల వినికిడి. స, శ వంటి ఊష్మాల బలమంతా అక్కడే ఉంటుంది. అచ్చులు వినబడతాయి, ఊష్మాలు జారిపోతాయి. ‘పిలుస్తున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలియదు’ అని వారు చెప్పేది ఇందుకే. కాబట్టి ఒక్కొక్కరికి ఏ పౌనఃపున్యం దగ్గర ఎంత లోటుందో కొలిచి, యంత్రాన్ని ఆ మేరకే సరిచేయాలి. అన్నిటినీ ఒకే తీరున పెంచితే మగ్గాల మోత చెవి పగలగొడుతుంది, మాట మాత్రం అలాగే ఉంటుంది. చెవి వెనక పెట్టే రకంలో వాడే జింక్-గాలి బ్యాటరీ ఒకటి రెండు వారాల్లో అయిపోతుంది. పిల్లలకైతే చెవిదారి పెరుగుతూ ఉంటుంది కనుక చెవిలో అమర్చే అచ్చును కొన్ని నెలలకొకసారి కొత్తగా చేయించాలి. లేకపోతే అచ్చు వదులై యంత్రం ఈల వేస్తుంది.

మరి కేంద్ర పథకం నిబంధన? ఒకసారి పరికరం తీసుకున్నవారికి మూడేళ్ల దాకా మళ్లీ ఇవ్వరాదనీ, 12 ఏళ్ల లోపు పిల్లలకైతే ఏడాది గడువనీ చాలాకాలం రాసి ఉండేది. ఈ గడువు పెట్టినవారు ఖజానాను కొలిచారు గానీ చెవిని కొలవలేదు!

సూరత్‌లో తెలంగాణ నుంచి వెళ్లి స్థిరపడిన చేనేత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. అలాంటి బడిలో చదివే పిల్లవాడికి యంత్రం అమర్చాక మాటలు నేర్పాల్సింది ఏ భాషలో? ఇంట్లో తల్లి మాట్లాడే భాషలోనే కదా. గుజరాతీ ఒక్కటే వచ్చిన శిక్షకురాలు ఎంత మంచిదైనా ‘వాన’కూ ‘వాసన’కూ తేడాను ఆ పిల్లవాడి చెవికి ఎలా పట్టిస్తుంది? పెట్టెలో పెట్టి పంపలేని సేవ అంటే ఇదే.

చక్రాల కుర్చీల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో మార్గదర్శకాలు వెలువరించింది. కుర్చీ అందించడంలో ఎనిమిది మెట్లు ఉన్నాయని చెప్పింది. చివరి రెండూ వాడకం నేర్పడం, ఆ తర్వాత చూసుకుంటూ మరమ్మతు చేయడం. ఒంటికి సరిపడని కుర్చీలో గంటల తరబడి కూర్చుంటే ఒత్తిడికి పుండ్లు పడతాయి. స్పర్శ లేనివారికి ఆ సంగతి తెలియనే తెలియదు.

జైపూర్ పాదం సంగతి గుర్తు చేసుకోండి. శిల్పి రామచంద్ర శర్మ, వైద్యుడు పి.కె. సేథీ 1960లలో దాన్ని రూపొందించారు. రబ్బరుతో చేసిన ఆ పాదంతో గొంతుక్కూర్చోవచ్చు, చెప్పుల్లేకుండా బురదలో నడవచ్చు. ‘మయూరి’ సినిమా చూసినవారికి సుధా చంద్రన్ తెలుసు. కొత్త కాలు పెట్టగానే ఆమె నాట్యం చేయలేదు. మళ్లీ మొదటి నుంచి అడుగులు నేర్చుకున్నారు. చూసేవారికి గుర్తుండేది పాదం. నడిపించింది ఆ సాధన.

2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి ఇచ్చిన నివేదిక ప్రకారం, కళ్లద్దాలతో సహా ఏదో ఒక సహాయక పరికరం అవసరమైనవారు 250 కోట్లకు పైగా ఉన్నారు. వారిలో దాదాపు 100 కోట్ల మందికి అది అందడం లేదు. ఆ 100 కోట్లలో, పరికరం అంది మూలన పడేసినవారిని ఏ గడిలో రాయాలి?

ఈమధ్య అలిమ్‌కో ‘ప్రధానమంత్రి దివ్యాశా కేంద్రాలు’ తెరుస్తోంది. శిబిరం ఎప్పుడు పెడతారా అని కాచుకోకుండా నేరుగా వెళ్లి పరీక్ష చేయించుకుని పరికరం తీసుకోవచ్చు. ఇది సరైన దిశ. అయితే వాటిని కూడా పంపిణీ సంఖ్యతోనే కొలుస్తారేమో చూడాలి. అక్కడ పరికరం తీసుకున్నవారిలో ఎంతమంది దాన్ని బాగుచేయించుకోవడానికి తిరిగి వచ్చారు, వారికి ఎన్ని రోజుల్లో పని పూర్తయింది అన్న రెండు అంకెలను కేంద్రం గుమ్మం పక్కన నల్లబల్ల మీద నెలనెలా రాయడానికి ఒక సుద్దముక్క చాలు.