కడియం నర్సరీల కాలజ్ఞానం

తూర్పు గోదావరి జిల్లాలోని కడియం, కడియపులంక ప్రాంతపు నర్సరీ పనివారిని మెచ్చుకునేవారు సాధారణంగా వారి చేతి ఒడుపునే గమనిస్తారు గాని, మొక్కను ఎప్పుడు తాకాలో, ఎప్పుడు తాకకూడదో తెలిసిన వివేకం అంతకంటే గొప్పది. జూన్‌లో మృగశిర కార్తె ప్రవేశించి గాలిలో తేమ పెరిగాక ఆకుల నుంచి నీరు ఆవిరి కావడం తగ్గుతుంది కనుక, వేళ్లు తెగిన మొక్క కూడా త్వరగా నిలదొక్కుకుంటుంది. కొమ్మ బెరడును వలయంగా ఒలిచి, తడి నాచు చుట్టి, చెట్టు మీదనే వేళ్లు పుట్టించే గాలి అంట్లను జామకు, దానిమ్మకు ఆ వానల రోజుల్లోనే కడతారు.

ఈ విద్యకు అసలైన పరీక్ష చామంతి. పగటి నిడివి తగ్గినప్పుడే మొగ్గ తొడిగే ఈ మొక్క, శీతకాలపు పూత ముగిశాక కొమ్మలు కత్తిరిస్తే మొదలు చుట్టూ పిలకలు, అనగా నేలలోని కాండం నుంచి లేచే పిల్లమొక్కలు, వేస్తుంది. వాటిని వేళ్లతో సహా విడదీసి, పలుచని నీడలో వేసవి దాటించి, తొలకరి తర్వాత నాటి, తలలు తుంచుతూ పోతే పక్కకొమ్మలు విరివిగా వచ్చి, పొద్దు కుదించుకునే నాటికి గుబురు సిద్ధమవుతుంది. ఆలస్యంగా నాటిన మొక్క కూడా ఇంచుమించు అదే వేళకు మొగ్గ వేస్తుంది, కాని పొట్టిగా, కొద్దిపాటి పూలతోనే.

మల్లె ఇందుకు భిన్నంగా చలికాలపు కత్తిరింపును కోరుతుంది. మెట్టతామర దుంపను మాత్రం, నీరున్నంత వరకు, ఎవరు ఎప్పుడు చీల్చి నాటినా దాదాపుగా బతుకుతుంది. దాని మీద నేర్పు ప్రదర్శించవలసిన పని లేదు.