అమ్మలో ఒత్తు

ఏ వాచకం తెరిచినా 'అ' పక్కన అమ్మే ఉంటుంది. అమ్మని తప్పుపట్టడానికి ఎవరికి మాత్రం మనసొప్పుతుంది? కానీ ఇవాళ పట్టక తప్పడంలేదు.

మా ఇంట్లో పనిచేసే ఆవిడ కూతురు ఎనిమిదో తరగతి. 'క కా కి కీ' గడగడా అప్పజెప్పేస్తుంది. మధ్యలో 'కు' ఒక్కటీ రాసి చూపిస్తే మాత్రం మళ్ళీ మొదటినుంచీ వల్లించుకుంటూ రావాలి. ఆ పిల్లకోసం బజార్లోంచి నాలుగు వాచకాలు తెచ్చి, ముందు నేనే చదివాను. 'అ'కి అమ్మ. అందులో ఒత్తుంది. 'ఇ'కి ఇల్లు. కొమ్మూ, ఒత్తూ రెండూ! 'ఉ'కి ఉడుత. మళ్ళీ కొమ్ము. ఇవన్నీ ఎన్నో పాఠాల తర్వాతగానీ నేర్పరు. మరి చదివేదెలా? బొమ్మ చూసి. బొమ్మ కనబడితే 'ఇల్లు' అంటుంది. చేత్తో మూస్తే తెల్లమొహం వేస్తుంది.

వచ్చిన అక్షరాలతోనే అల్లిన పుస్తకాలూ లేకపోలేదు. తల, వల, పడవ, పలక.

"ఇది చంటిపిల్లల పుస్తకం కదండీ!" అని పక్కకి నెట్టేసింది. పదమూడేళ్ళ పిల్లకి అక్షరాలు రాకపోవచ్చుగానీ అభిమానం ఉండదూ?

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా రాత్రిబడుల్లో కూడబలుక్కుని చదివే ఆడవాళ్ళకి వాచకంలో సారా గురించి పాఠం పెట్టారు. దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ వాచకంలో పడవా పలకా తప్ప ఇంకేం లేకపోతే ఎవరు కదిలేవారు?

సరే, నేనే రాద్దామని కూర్చున్నాను. ఒత్తుల్లేకుండా, తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ములతోనే. ఇన్ని నవలలు రాసినదాన్ని, ఒక్క పేజీకి రెండు రోజులు పట్టింది. వచ్చాడు, విన్నాడు, తిన్నాడు... అన్నిటికీ ఒత్తే. రాడు, వినడు, తినడు... వీటికి అక్కర్లేదు! తెలుగులో కాదనడం ఇంత తేలికని ఇన్నాళ్ళూ నాకు తెలియలేదు సుమండీ.

చివరికి తేలింది ఇదీ: 'కమల బడి మానదు. పని మానదు. రాత మానదు.'

బొమ్మ లేదు. వేలు పెట్టుకుని, నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని చదివింది. కాసేపు ఊరుకుని, "కమలని బడి ఎవరు మానమన్నారండీ?" అంది.

వాళ్ళ నాన్న అని రాయాలి. నాన్నకీ ఒత్తే.