బండి ఎక్కే ముందు మాట

కౌమారంలో ఉన్నవారికి ప్రమాదం తెలియదన్న నమ్మకం పెద్దలలో బలంగా పాతుకుపోయింది గాని, హెల్మెట్ లేకుండా ఒకే బండిపై ముగ్గురు వెళ్తే ఏమవుతుందని ఇంటర్ చదివే కుర్రవాడిని ఇంట్లో కూర్చోబెట్టి అడిగితే తడుముకోకుండా చెబుతాడు. అదే కుర్రవాడు సాయంత్రం మూడోవాడిగా ఎక్కుతున్నాడంటే, మధ్యాహ్నం తెలిసినది సాయంత్రానికి మరచిపోయాడని కాదు, చుట్టూ స్నేహితులు ఉన్నారని అర్థం. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ 2005లో ప్రచురించిన ప్రయోగంలో కంప్యూటర్‌పై కారు నడిపే ఆట ఆడిన 13–16 ఏళ్లవారు, ఒంటరిగా ఉన్నప్పటికంటే తోటివారు చూస్తున్నప్పుడు చాలా ఎక్కువ తెగింపు చూపగా, 24 ఏళ్లు దాటినవారిలో ఆ తేడా దాదాపు కనిపించలేదు. మెప్పుకూ ఆనందానికీ స్పందించే మెదడు భాగాలను ప్రతిఫల వ్యవస్థ అంటారు. కౌమారంలో అది ఉరకలేస్తుండగా, నుదుటి వెనుక ఉండి తొందరపాటును అదుపు చేసే భాగం ఇరవై దాటాక గాని పూర్తిగా పరిణతి చెందదు.

మూడోవాడు సీటు చివరన, కాళ్లు పెట్టుకునే చోటు లేక వాటిని గాలిలో వేలాడేసి, ముందువాడి చొక్కా పట్టుకుని కూర్చుంటాడు. గుంత వస్తే ఆ చొక్కాయే అతనికి ఆధారం. ‘ఎక్కరా, భయమా?’ అన్న ప్రశ్నకు జవాబు వెతుక్కోవడానికి బండి స్టార్టయ్యేంత సమయమే ఉంటుంది గనుక, ఆ జవాబు ముందే సిద్ధంగా ఉండాలి. ‘ఫలానాది ఎదురైతే ఫలానా పని చేస్తాను’ అని ముందుగా నిశ్చయించుకోవడాన్ని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ అధ్యయనం చేశాడు. దీనిని అమలు సంకల్పం అనవచ్చు. అందులోనూ మాటల ఎంపిక ముఖ్యం. ‘వద్దు, ప్రమాదం’ అంటే వాదన మొదలై పిరికివాడన్న పేరు మిగులుతుంది. ‘మీరు పదండి, నేను ఆటోలో వచ్చేస్తా’ అంటే స్నేహానికి లోటు రాదు, వాదించడానికీ ఏమీ ఉండదు. నోరు తిరిగేదాకా ఇంట్లో పదిసార్లు పలికి చూసుకున్న వాక్యమే ఆ నిమిషంలో అక్కరకొస్తుంది.

బాధ్యత కుర్రవాడిది మాత్రమే కాదు, ఇంటి పెద్దలది కూడా. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం మైనరు చేసిన నేరానికి సంరక్షకుడికో బండి యజమానికో మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా విధిస్తుంది. అయితే శిక్ష భయం ఒక్కటే ఉన్న ఇంట్లో పిల్లలు దాచడం నేర్చుకుంటారు. అందుకే ‘ఏ వేళ ఫోన్ చేసినా వచ్చి తీసుకెళ్తాం, ఆ రాత్రికి ఏమీ అడగం’ అన్న ఒప్పందం అవసరమవుతుంది. ఆ ఒప్పందానికి మొదటి పరీక్ష రాత్రి పదకొండు గంటలకు మోగే ఫోన్. అప్పుడు తండ్రి రెండో హెల్మెట్ కూడా తీసుకుని బయలుదేరాలి, తిరిగొచ్చే దారిలో మాట నిలుపుకుని మౌనంగా ఉండాలి.