ఇప్పపువ్వూ కాగితపు సీసా

లండన్ నుంచి వచ్చిన స్నేహితురాలు పోయినేడాది మా అందరికీ ఒక జిన్ సీసా తెచ్చింది. సీసా అన్నానే గానీ అది గాజు కాదు, అట్ట. లోపల పల్చటి సంచీ, పైన వాడేసిన కాగితంతో చేసిన తొడుగు. అయిదుగురం ఆడవాళ్ళం, అందులో నలుగురం సాహిత్యంలో పరిశోధన చేసినవాళ్ళం. గ్లాసుల్లో పోసుకోకముందే దాని మీద రాసిందంతా చదివేశాం. ఏ ఆకులు వేశారో, ఏ కాయలు, ఏ తొక్కలు వేశారో ఉంది. అట్ట వాడటం వల్ల భూమికి ఎంత మేలో ఉంది. ఆ ఆకులు ఎవరు కోశారో మాత్రం ఎక్కడా లేదు.

ఆ రాత్రి కొత్తగూడెం నుంచి రెండు సంగతులు నా వెంట వచ్చి కూర్చున్నాయి. ఒకటి ఇప్పపువ్వు. రెండోది మా అమ్మ చెప్పే సారా పాకెట్లు. ఈ రెండింటి మధ్య నాకున్న ఇబ్బందే ఈ వ్యాసం.

జిన్‌కి మొక్కల కథ చెప్పుకోక తప్పదు. రుచీ వాసనా లేని స్పిరిట్‌కి జునిపర్ కాయలు, ధనియాలు, నారింజ తొక్క లాంటివి చేర్చితేనే అది జిన్ అవుతుంది. వాటినే బొటానికల్స్ అంటారు. 2017 నుంచి మన దేశంలోనూ ఇలాంటి జిన్‌లు బజారుకొచ్చాయి, ఒకరు హిమాలయాల జునిపర్ పేరు చెప్పి అమ్మారు. 2020లో బ్రిటన్‌లో కాగితపు సీసా వచ్చింది. బరువు 83 గ్రాములు. అదే ఏడు జానీ వాకర్ కంపెనీ కూడా విస్కీకి కాగితపు సీసా తయారుచేస్తామని ప్రకటించింది. దీన్ని నేను వెటకారం చెయ్యడం లేదు. గాజు కరగాలంటే కొలిమి దాదాపు 1500 డిగ్రీలు కాగాలి. ఆ వేడి ఎక్కడో ఒక గని నుంచో బావి నుంచో రావాలి. బొగ్గు ఊళ్ళో పుట్టినదానికి ఈ లెక్క ఒకరు చెప్పక్కర్లేదు.

కానీ ప్యాకింగ్ కూడా ఒక రచనే. ఏం చెప్పాలో, ఏం దాచాలో ఎవరో కూర్చుని నిర్ణయిస్తారు. మనం కథల్ని చదివినట్టే దాన్నీ చదవాలి. మద్యం విషయంలో అయితే, తెలుగు ఆడవాళ్ళకి ప్యాకింగ్ అనుభవం కొత్తది కాదు.

మా నాన్న భూగర్భ గనిలో కోల్ ఫిల్లర్. 1980లలో ప్రభుత్వం వారుణి వాహిని పేరుతో సారాని పాలిథిన్ పాకెట్లలో నింపించి అమ్మకానికి పంపిన రోజులు నాకు తెలియవు, అప్పటికి నేను పుట్టలేదు. మా అమ్మకి తెలుసు. "పాకెట్టు రాకముందు మీ నాయన దుకాణం కాడికి పొయ్యి తాగొచ్చేటోడు. పాకెట్టు వచ్చినంక దుకాణమే ఇంటికొచ్చింది బిడ్డా" అంటుంది. ఆర్థికశాస్త్ర వ్యాసాలెన్నో చదివాను గానీ ఆ పథకం గురించి ఇంతకంటే సూటి విమర్శ నాకు దొరకలేదు. కుండలో ఉన్నదాన్ని జేబులోకి తెచ్చింది పాకెట్. సైకిల్ మీద, సంచీలో, కూలి చేసే చోటికీ కాపురం చేసే చోటికీ వచ్చింది. చవగ్గా, తేలిగ్గా, పగిలిపోకుండా. ఇవాళ కాగితపు సీసాకి చెప్పే సుగుణాల్లో సగం అప్పటి పాకెట్‌కీ ఉన్నాయి. పాకెట్ మీద భూమి పేరు లేదు, అంతే.

దాని మీద తిరగబడిన కథ మనందరికీ తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట. అక్షరాస్యతా ఉద్యమం వాచకంలో 'సీతమ్మ కథ' చదువుకున్న ఆడవాళ్ళు సారా దుకాణం మీదికి వెళ్ళారు. వాళ్ళు సాధించింది 'ఆడవాళ్ళు ఏకమైతే' పేరుతో మళ్ళీ పాఠమై ఇంకో ఊరికి చేరింది. 1993 అక్టోబర్‌లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం, 1997లో దాని ఎత్తివేత. ఒక పాఠం చదివి ఒక ప్రభుత్వాన్ని కదిలించడం మన సాహిత్య చరిత్రలో ఎన్నిసార్లు జరిగింది? అయినా ఆ వాచకాన్ని సాహిత్యంగా మన సిలబస్‌లో ఎక్కడా పెట్టుకోలేదు.

ఆ స్త్రీలని పత్రికలూ పార్టీలూ ఎట్లా చదివాయో సూసీ తారు, తేజస్విని నిరంజన 1994లోనే రాశారు. సంసారం కాపాడుకునే ఇల్లాలుగానో, ఆగ్రహించిన శక్తిగానో చూపించారు తప్ప, కూలీగా, ఓటరుగా, ఊరి రాజకీయం తెలిసిన మనిషిగా చూడలేదని వాళ్ళ విమర్శ. ఎం.ఏ.లో అది చదివి నేను పొంగిపోయాను. నా చదువులోనూ ఒక ఖాళీ ఉందని తెలియడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది.

కొత్తగూడెంలో డిగ్రీ పిల్లలకి పాఠం చెబుతున్న రోజుల్లో సారా ఉద్యమం గురించి చెప్పి కూర్చోబోతుంటే వెనక బెంచీలోంచి ఒక కోయ అమ్మాయి లేచింది. "మేడమ్, మా నానమ్మే సారా తీసేది. తనూ తాగేది. పండగపూట పెద్దలకి పోయకుండా మేము ముట్టం. దాడి జరిగినప్పుడల్లా మా కుండే పగిలింది. మరి మీ పాఠంలో మా నానమ్మ ఎవరు?" అంది. నా దగ్గర జవాబు లేదు. మా అమ్మ కథలో సారా మగవాడి చేతిలోంచి వస్తుంది. ఆ అమ్మాయి కథలో అది ముసలమ్మ పొయ్యి మీద నుంచి వస్తుంది. రెండిట్నీ ఒకే పేరుతో పిలిచి, ఒకే నిషేధం కింద పెట్టాం.

ఇప్పచెట్టు కింద పని ఎండాకాలం మొదట్లో తెల్లవారకముందే మొదలవుతుంది. రాత్రి విచ్చిన పూలు తెల్లారేసరికి రాలతాయి. ఆడవాళ్ళు, పిల్లలు వంగి ఒక్కొక్కటే ఏరుతారు. ఎండబెడితే కిస్మిస్‌లా ముడుచుకుంటుంది, అంత తీపి. సారాకే కాదు, అది తిండి కూడా. కరువులో కడుపు నింపిన పువ్వు. ఉట్నూరులో ఆదివాసీ స్త్రీల సంఘం దాంతో లడ్డూలు చేస్తోంది. ఇంత తిండిని నేరంగా చూసిన చరిత్ర కూడా ఉంది. 1892లో బొంబాయి ప్రభుత్వం ఇప్పపువ్వు సేకరణ మీదే మౌరా చట్టం అని ఒకటి తెచ్చింది. చెట్టు కింద రాలిన పువ్వు ఆబ్కారీ ఆదాయానికి అడ్డొచ్చింది మరి.

సాహిత్యంలో ఈ చెట్టుని నాకు చూపించింది మహాశ్వేతాదేవి. 'శికార్' కథలో మేరీ ఒరాన్ ప్రసాద్ ఇంట్లో పనిచేస్తుంది. వాళ్ళ స్థలంలోని ఇప్పచెట్ల మీద హక్కు తనది. తమాషాకి ముట్టుకోబోయినా కత్తి ఎత్తుతుంది. ఈ కథ గురించి మనం రాసినప్పుడల్లా చివర మేరీ చేసే వేట గురించే రాశాం, కాంట్రాక్టర్ చావు గురించే రాశాం. అంతకుముందే వచ్చిన ఆ ఇప్పచెట్ల సంగతి దాటేశాం. నాకిప్పుడు అదే కథకి మూలంగా కనబడుతోంది. చెట్టు మీద తన హక్కు ఎక్కడిదాకానో తెలిసిన మనిషికే, ఒంటి మీద తన హక్కు ఎక్కడిదాకానో చెప్పే గొంతు ఉంటుంది.

ఇప్పుడు ఆ పువ్వుకి రోజులు మారాయి. చిత్తూరు జిల్లాలో డిస్టిలరీ ఉన్న ఒక కంపెనీ 2018లో ఇప్పపువ్వు మద్యాన్ని బ్రాండ్‌గా తెచ్చింది. మధ్యప్రదేశ్ 2022లో ఇప్పసారాకి హెరిటేజ్ లిక్కర్ హోదా ఇచ్చి, ఆదివాసీ సంఘాల చేత తయారుచేయించే విధానం పెట్టింది. నానమ్మ కుండలో ఉంటే నాటుసారా, సీసాలో ఉంటే వారసత్వం. రేపు మా జిల్లాకీ ఈ మాట రావొచ్చు. పువ్వు ఇక్కడుంది. అట్ట కూడా ఇక్కడే ఉంది. గోదావరి ఒడ్డున సారపాకలో 1979 నుంచి పేపర్‌బోర్డు తయారవుతోంది. దానికోసం పెంచే జామాయిల్, సుబాబుల్ తోటలు మా బస్సు కిటికీ బయట చిన్నప్పటి నుంచీ చూస్తున్నవే. ఓపెన్‌కాస్ట్ తవ్వాలంటే ముందు పైనున్న అడవి పోవాలన్నదీ చూస్తున్నదే. ఇప్పచెట్టు పోయిన చోట ఇప్పపువ్వు సీసాకి కాగితం తొడిగి పర్యావరణం అంటే, ఆ మాటకి అర్థం ఎవరు చెప్పాలి?

ఇట్లాంటి బ్రాండ్ వస్తే స్త్రీవాదులుగా మనం ఆహ్వానించాలా, అడ్డుకోవాలా? ఆహ్వానిస్తే మా అమ్మ ముందు తలెత్తలేను. అడ్డుకుంటే ఆ అమ్మాయికి రెండోసారి జవాబు లేకుండా పోతుంది. ఈ చిక్కు విప్పే దారి నాకు ఏ కథలోనూ కాదు, ఒక చట్టంలో దొరికింది. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభలకీ పంచాయతీలకీ ఇవ్వాల్సిన అధికారాల్ని ఒక వరసలో చెబుతుంది. అందులో మొదటిది మత్తుపదార్థాల అమ్మకాన్నీ వాడకాన్నీ నిషేధించే, అదుపుచేసే అధికారం. దాని వెంటనే రెండోది చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం. వద్దనే హక్కూ నాదనే హక్కూ పక్కపక్కనే ఉన్నాయి. మా అమ్మకి కావాల్సింది మొదటిది, ఆ నానమ్మకి కావాల్సింది రెండోది. ఇద్దరూ కొట్టుకోవాల్సిన పనేం లేదు. రెండూ ఒకే సభలో ఆడవాళ్ళ చేతిలో ఉండాలి. ఇన్నేళ్ళైనా అవి కాగితం మీద ఉన్నంతగా చెట్టు కిందికి రాలేదన్నదే అసలు తగాదా.

అందుకే ఆ లండన్ సీసాని నేను పారెయ్యలేదు. కడిగితే నిలవదు కాబట్టి విప్పి, అట్ట ఒక్కటే దాచాను. ఇప్పపువ్వు పేరుతో అలాంటిది ఎప్పుడైనా మా బజారుకొస్తే దాని మీద రెండు వాక్యాలు వెతుకుతాను. ఈ పువ్వుని ఏ ఊరి ఆడవాళ్ళు ఏరారు, కిలోకి ఎంత తీసుకున్నారు అన్నది ఒకటి. దీన్ని ఏయే ఊళ్ళ ఆడవాళ్ళు మా ఊళ్ళో అమ్మొద్దన్నారు అన్నది రెండోది. ఆ రెండూ లేకపోతే అది ఎంత తేలికైన కాగితం కానివ్వండి, మా అమ్మకి అది పాకెట్టే.